నర్సాపురం లేసు ఏ డిపార్ట్‌మెంటు కిందికి వస్తుంది?

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటిపని తెమిలాక అరుగు మీదో పంచలోనో కూర్చుని లేసు అల్లుతారు. ఆ లేసు మీద ఎవరైనా పరిశోధన చేయాలనుకుంటే యూనివర్సిటీలో ఏ డిపార్ట్‌మెంటు గడప తొక్కాలి? ఈ పని గోదావరి డెల్టాకి ఎలా వచ్చిందో తెలియాలంటే హిస్టరీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. 1844 ప్రాంతంలో మిషనరీ కుటుంబాలు నేర్పాయని ఇక్కడ చెప్పుకుంటారు. అల్లిన సరుకు పైదేశాలకి ఎవరి చేతుల మీదుగా, ఏ ధరకి పోతోందో కావాలంటే ఎకనామిక్స్. అల్లేవాళ్ల కులమేది, అమ్మేవాళ్ల కులమేది అంటే సోషియాలజీ. డిజైన్ల సంగతి ఫైన్ ఆర్ట్స్ చూసుకుంటుంది. మరి రోజూ గంటల తరబడి అల్లే మనిషిని "మీరేం చేస్తుంటారండీ" అని అడిగితే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. ఆ జవాబు ఎందుకు వస్తుందో ఎవరు చెప్పాలి?

ఈ ఆఖరి ప్రశ్న ఏ ఒక్కరి ఖాతాలోనూ పడదు. అందులో కూలి లెక్క ఉంది, కులం పరువు ఉంది, మిషన్ బడి నేర్పిన మర్యాద ఉంది, 'ఇల్లాలు' అనే బొమ్మని తయారుచేసిన కథలూ పాటలూ సినిమాలూ ఉన్నాయి. ఒక్కో శాఖ తన వాటా తీసుకుని వెళ్లిపోయాక మిగిలిపోయే ఇలాంటి ప్రశ్నల్ని తమ పనిగా పెట్టుకున్న పీజీ కోర్సులు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. బోర్డులే వేరు. ఒకచోట కల్చరల్ స్టడీస్, ఇంకోచోట కంపారిటివ్ లిటరేచర్, మరోచోట క్రిటికల్ థియరీ. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో 'మోడరన్ కల్చర్ అండ్ మీడియా' అంటారు. కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్‌లోనైతే ఏకంగా 'హిస్టరీ ఆఫ్ కాన్షస్‌నెస్', అంటే చైతన్యం చరిత్ర. అమెరికా నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు హ్యూయీ న్యూటన్ 1980లో పీహెచ్‌డీ తీసుకున్నది అక్కడే. పేరు వింటే యోగా కోర్సేమో అనిపిస్తుంది గానీ, చదివేది మాత్రం మార్క్సునీ ఫ్రాయిడ్‌నీ.

మన దగ్గర ఈ చదువు గురించి రెండు అపోహలున్నాయి. ఒకటి, ఇది అన్నీ కొంచెం కొంచెం నేర్పే మిక్చరు పొట్లం లాంటిదని. రెండోది, నోరు తిరగని ఫ్రెంచి, జర్మన్ పేర్లు బట్టీ పట్టడమే ఈ చదువని. రెండో అపోహకి ఈ రంగంలో ఉన్నవాళ్లే సగం కారణం.

అల్లే చేతులు, లెక్కకి రాని పని

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతానికి వచ్చి లేసు పనివాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. స్త్రీవాద సిద్ధాంతం చదివే ప్రపంచ విద్యార్థులు చాలామందికి నర్సాపురం అనే పేరు తెలిసింది ఆ పుస్తకం వల్లే. మన జిల్లాల్లో మాత్రం దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఆమె గమనించినది క్లుప్తంగా ఇది. అల్లేది ఆడవాళ్లు. దారం ఇచ్చి, అల్లిన ముక్కలు తీసుకెళ్లేది ఏజెంట్లు. ఎగుమతి చేసేది వ్యాపారులు, వాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. సరుకు ప్రపంచ మార్కెట్‌కి పోతోంది, విదేశీ మారకం వస్తోంది. అయినా అల్లే మనిషి కార్మికురాలిగా లెక్కలోకి రాదు. ఆమె గృహిణి, ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటోంది, అంతే. ఖాళీ సమయం అన్నాక కూలి ఎంత తక్కువైనా అడిగేవాళ్లుండరు. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరు విడిగా కూర్చుంటారు కాబట్టి సంఘం పెట్టుకునే వీలూ లేదు. పని చేయించుకుంటూనే దాన్ని పని కాకుండా చేసే ఈ ఏర్పాటుకి మీస్ 'గృహిణీకరణ' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. 'గృహిణి' అనాది నుంచీ ఉన్న పాత్ర అనుకుంటాం కదా, ఆ పాత్రని మార్కెట్టు తన అవసరానికి తయారుచేసుకుంటుందని ఆమె వాదన.

అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం కులం గురించి. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలకి లేసు అల్లేవాళ్ల కంటే కూలి మెరుగ్గా ఉంది, బయట తిరిగే స్వేచ్ఛా ఎక్కువే. అయినా ఇంట్లో కూర్చుని అల్లే కాపు స్త్రీలు తమని తాము వాళ్లకంటే పైమెట్టులో చూసుకున్నారు, ఎందుకంటే వీళ్లు గడప దాటరు, ఎండకి పోరు. తక్కువ కూలిని ఆ పరువు భర్తీ చేసింది. వ్యాపారికి రూపాయి ఖర్చు లేకుండా కుదిరిన బేరం ఇది.

ఇటలీలో ముస్సోలినీ జైల్లో కూర్చుని 1929 నుంచి 1935 దాకా నోటుబుక్కులు నింపిన మార్క్సిస్టు ఆలోచనాపరుడు ఆంటోనియో గ్రాంసీ అడిగిందీ ఇలాంటి ప్రశ్నే. జనాన్ని బలప్రయోగంతోనే అణిచి ఉంచరు, చాలాసార్లు వాళ్ల ఒప్పుదలతోనే పరిపాలిస్తారు. ఆ ఒప్పుదల ఎక్కడ తయారవుతుంది? బడిలో, గుళ్లో, చర్చిలో, పత్రికలో, పండగలో, పాటలో, 'మా ఇంటావంటా లేదు' అనే మాటలో. దీన్నే ఆయన 'హెజిమనీ' అన్నాడు. తెలుగులో ఆధిపత్యం అని రాస్తే ఇందులోని ఒప్పుకోలు జారిపోతుంది కాబట్టి చాలామంది మూలపదాన్నే వాడతారు. లేసు అల్లే ఇంటి ముందు నిలబడి చూస్తే గ్రాంసీ చెప్పింది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. క్లాసులో నిర్వచనం డిక్టేట్ చేస్తే సెమిస్టరంతా పోయినా అర్థం కాదు.

మీస్ పుస్తకానికి పరిమితులున్నాయి. అల్లేవాళ్ల నైపుణ్యం, ఒక పువ్వు బాగా కుదిరితే కలిగే తృప్తి, పక్కింటివాళ్లతో పోటీ, ఇవి ఆమె చూపుకి పెద్దగా ఆనలేదు. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు అదే అల్లికని 'వారసత్వ సంపద' అనీ 'మహిళా సాధికారత' అనీ వర్ణిస్తున్నారు. నిన్నటిదాకా ఖాళీ సమయపు పని, ఇవాళ వారసత్వం. అల్లే మనిషికి చేరే డబ్బులో ఈ పేరు మార్పు వల్ల ఏమైనా తేడా వచ్చిందా? లేసు ఫొటోలో ఆమె ముఖం ఉందా, చేతులే ఉన్నాయా? ఇప్పుడు చేరే విద్యార్థికి పని ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ చదువు పుట్టిన చోట్లు

క్రిటికల్ థియరీ అనే పేరు జర్మనీలో పుట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1923లో ఒక సామాజిక పరిశోధనా సంస్థ పెట్టారు. దానికి తర్వాత డైరెక్టరైన మాక్స్ హోర్క్‌హైమర్ 1937లో రాసిన వ్యాసంలో సాంప్రదాయిక సిద్ధాంతానికీ విమర్శాత్మక సిద్ధాంతానికీ తేడా చెప్పాడు. మొదటిది లోకం ఎలా ఉందో వర్ణిస్తుంది. రెండోది ఆ లోకం ఇలాగే ఎందుకు ఉండాల్సి వచ్చింది, దీనివల్ల లాభం ఎవరికి, వర్ణిస్తున్న నేను ఎక్కడ నిలబడి ఉన్నాను అని కూడా అడుగుతుంది. అప్పటికే నాజీలు సంస్థని మూసేశారు, వాళ్లలో చాలామంది న్యూయార్క్ చేరారు. తిరగబడతారనుకున్న శ్రామికుల్లో అంతమంది హిట్లర్ వెంట ఎందుకు నడిచారన్నది వాళ్లని నిద్రపోనివ్వని ప్రశ్న. జవాబు ఫ్యాక్టరీ లెక్కల్లో దొరకలేదు. రేడియోలో, సినిమాలో, కుటుంబంలో వెతికారు. హోర్క్‌హైమర్, ఆయన సహచరుడు అడోర్నో కలిసి సినిమానీ రేడియోనీ 'సంస్కృతి పరిశ్రమ' అన్నారు. సబ్బుల్లాగే వినోదాన్ని కూడా ఒకే అచ్చులో పోసి, ఎంచుకున్నామనే భ్రమతో సహా జనానికి అమ్ముతుందని ఆ విమర్శ. వాళ్ల స్నేహితుడు వాల్టర్ బెంజమిన్ మాత్రం సినిమా మీద అంత నిరాశపడలేదు. కళని గుడిలాంటి దూరం నుంచి కిందికి దించి జనం చేతికి ఇచ్చే గుణం దానికి ఉందన్నాడు. 1940లో నాజీల నుంచి తప్పించుకుంటూ స్పెయిన్ సరిహద్దులో ప్రాణం తీసుకున్నాడు.

రెండో చోటు ఇంగ్లండు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 1964లో రిచర్డ్ హోగార్ట్ కల్చరల్ స్టడీస్ కోసం ఒక చిన్న కేంద్రం ప్రారంభించాడు. ఆయన పనివాళ్ల కుటుంబం నుంచి వచ్చినవాడు. ఈ ధోరణికి దారి వేసిన రేమండ్ విలియమ్స్ వేల్స్‌లో రైల్వే సిగ్నల్‌మ్యాన్ కొడుకు. హోగార్ట్ తర్వాత కేంద్రాన్ని నడిపిన స్టూవర్ట్ హాల్ జమైకా నుంచి స్కాలర్‌షిప్పు మీద ఆక్స్‌ఫర్డ్ వచ్చినవాడు. హోగార్ట్, విలియమ్స్ ఇద్దరూ ఏళ్ల తరబడి వయోజనులకి పాఠాలు చెప్పారు. పగలంతా పనిచేసి సాయంత్రం క్లాసుకి వచ్చిన మనిషికి సాహిత్యం చెప్పేటప్పుడు 'ఇది గొప్పది, ఎందుకంటే గొప్పవాళ్లు అన్నారు' అంటే కుదరదు. సంస్కృతి అంటే పెద్దింటి అల్మారాలో ఉండేది మాత్రమే కాదు, మామూలు మనుషులు రోజూ బతికే తీరు కూడా అనే ఆలోచన ఆ క్లాసుల్లోంచి వచ్చింది. కల్చరల్ స్టడీస్ అంటే డబ్బున్న పిల్లల కాలక్షేపం అనేవాళ్లకి ఈ కథ చెప్పాలి. ఆ బర్మింగ్‌హామ్ శాఖని 2002లో యూనివర్సిటీవాళ్లే మూసేశారు. అప్పటికి ఆ చదువు ప్రపంచమంతా పాకిపోయింది.

ఇక ఫ్రాన్సు. రోలాఁ బార్త్ 1957లో కుస్తీపోటీలూ సబ్బుపొడి ప్రకటనలూ తీసుకుని, రోజూ చూసే వస్తువుల్లో దాగిన కట్టుకథల్ని విప్పి చూపించాడు. తత్వవేత్త డెరిడా గురించి ఇక్కడ నాలుగు వాక్యాల్లో చెబితే అన్యాయం అవుతుంది, వదిలేస్తున్నాను. మిషెల్ ఫూకో 1975లో జైళ్ల పుట్టుక మీద రాసిన పుస్తకం మాత్రం మనవాళ్లకి తేలిగ్గా అందుతుంది. ఆయన చెప్పింది రాజమండ్రి సెంట్రల్ జైలు గోడల గురించే అనుకోనక్కర్లేదు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్ చాలు: తెల్లవారుజామున బెల్లు, స్టడీ అవర్సు, కారిడార్లో కెమెరా, వారం వారం ర్యాంకు, ఆ ర్యాంకుని బట్టి సెక్షను మార్పు. కొట్టాల్సిన పనే లేదు. ఎవరో చూస్తున్నారనే ఎరుకతో పిల్లవాడు తనని తానే కాపలా కాసుకుంటాడు. అక్కడ రెండేళ్లు గడిపిన ఏ కుర్రాడైనా ఫూకోకి రెండు ఉదాహరణలు అదనంగా ఇవ్వగలడు.

తెర మీది గోదావరి

డెల్టా గురించి బయటివాళ్లకి తెలిసిందంతా ఇంచుమించు సినిమా చెప్పిందే. కొబ్బరిచెట్లు, లాంచీ, పెద్ద లోగిలి, వెటకారం, అడక్కుండానే భోజనం, మాటకి ముందు 'ఆయ్'. హైదరాబాదులో హాస్టల్లో చేరిన అమలాపురం కుర్రాణ్ణి తోటివాళ్లు మొదటి వారంలోనే 'ఏదీ, ఒకసారి ఆయ్ అను' అంటారు. అతను అంటాడు కూడా. కొన్నాళ్లకి ఊళ్లో మాట్లాడినదాని కంటే కాస్త ఎక్కువ యాసతో మాట్లాడటం మొదలుపెడతాడు. సినిమా ఊరిని చూసి నేర్చుకుందా, ఊరే సినిమాని చూసి నేర్చుకుంటోందా?

స్టూవర్ట్ హాల్ 1973 వ్యాసం ఇక్కడ పనికొస్తుంది. సినిమా తీసేవాళ్లు ఒక అర్థం పెట్టి పంపుతారు, చూసేవాళ్లు అదే అర్థం తీసుకుంటారన్న హామీ లేదంటాడు హాల్. కొందరు పెట్టిన అర్థాన్నే తీసుకుంటారు. కొందరు కొంత ఒప్పుకుని కొంత సర్దుకుంటారు. కొందరు ఎదురుతిరిగి చదువుతారు. మండువా లోగిలిలో అత్తలూ మామలూ బావలూ సందడి చేసే సన్నివేశం తీసుకోండి. ఆ లోగిలి లాంటి ఇంట్లో పెరిగినవాళ్లకి అది తమ బాల్యం. అలాంటి ఇల్లు ఎప్పుడూ లేని మామూలు రైతు కుటుంబం కూడా 'మన గోదావరి' అని మురిసిపోతుంది, మధ్యలో 'ఇంత సీను లేదులే' అనుకుంటూనే. ఆ ఇంటి పెరటి గుమ్మం దాకానే వెళ్లే హక్కున్న కుటుంబంలో పుట్టినవాళ్లు, ఫ్రేములో ఎవరు లేరో చూస్తారు. ఒకే టిక్కెట్టుకి మూడు సినిమాలు. వీటిలో ఏది నిజమైన అర్థం అని కొట్టుకోకుండా, ఆ మూడూ ఎలా పుడుతున్నాయో అడగడం ఈ చదువు నేర్పే పని.

తెలుగు సినిమా మీద ఇలాంటి పని గట్టిగానే జరిగింది. సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీద, అభిమాన సంఘాల మీద రాసిన పుస్తకం 2009లో వచ్చింది. మొగల్తూరులో పుట్టిన నటుడి అభిమానులు కటౌటుకి దండ వేస్తే దాన్ని వెర్రి అని కొట్టిపారేయకుండా, ఆ గుంపులో కులం ఏం చేస్తోంది, అభిమానికి హీరో మీద ఉండే హక్కు ఎలాంటిది, అది రాజకీయంగా ఎప్పుడు మారుతుంది అని చూశాడాయన. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి అంతకుముందే ఒక మాట అన్నాడు: తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని. మన టూరింగ్ టాకీసులకీ అది వర్తిస్తుంది. నేల, బెంచీ, కుర్చీ అని తేడా ఉంది, నిజమే. కానీ నేల టికెట్టు డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు. ఊరి చెరువు దగ్గర లేని వెసులుబాటు అది. సినిమా హాలుని విద్యాసంస్థలు పట్టించుకోకపోయినన్నాళ్లూ ఈ సంగతి ఎవరి రికార్డులోకీ ఎక్కలేదు.

ఇద్దరు కవులు, ఒకే నినాదం

సహాయ నిరాకరణ రోజుల్లో రాజమండ్రిలో చదువు మానేసి ఉద్యమంలోకి దూకిన గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి జైలుకెళ్లారు. ఆ పాట మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే రాజమండ్రికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. ఈయన పేరు మాత్రం చాలాకాలం సాహిత్య చరిత్రల్లో అడుగున పడిపోయింది. ఒక్క మాట మార్చి ధర్మన్న అడిగిందేమిటంటే, తెల్లవాడు పోయాక ఆ కుర్చీలో కూర్చునేదెవరు? స్వాతంత్ర్యం కావాలనే వాడినే నిలదీసే స్వాతంత్ర్యం ఉంటుందా?

1982 నుంచి చరిత్రకారుడు రణజిత్ గుహ ఆధ్వర్యంలో వచ్చిన 'సబాల్టర్న్ స్టడీస్' (అంటే అట్టడుగు జనం చరిత్ర) సంపుటాలు, 1988లో సాహిత్య విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్ రాసిన వ్యాసం ఇదే చిక్కు చుట్టూ తిరుగుతాయి. అట్టడుగు మనిషి మాట్లాడగలదా అని స్పివాక్ అడిగినప్పుడు చాలామంది పొరపడ్డారు, నోరు లేదంటోందని. ఆమె చెప్పిన ఉదాహరణ 1926లో కలకత్తాలో ఉరిపోసుకున్న ఒక యువతిది. తన చావుని అక్రమ గర్భం కథగా మార్చకూడదని, ఆ అమ్మాయి నెలసరి వచ్చిన రోజు దాకా ఆగి మరీ ప్రాణం తీసుకుంది. కారణం రాజకీయం: ఒక రహస్య విప్లవ బృందం అప్పగించిన పని చేయలేకపోవడం. శరీరంతో అంత స్పష్టంగా చెప్పినా, తర్వాతి తరంలో బంధువులే దాన్ని ప్రేమ వ్యవహారంగా చెప్పుకున్నారు. మాట్లాడింది, వినే ఏర్పాటు లేదు. ధర్మన్న పాట విషయంలోనూ అంతే. ఆయన గొంతెత్తి పాడారు, అచ్చులోనూ వచ్చింది. పాఠ్యపుస్తకం చెవులు మాత్రం అటు తిరగలేదు.

ఈ పోలిక తెచ్చింది ధర్మన్నకి స్పివాక్ సర్టిఫికెట్ ఇప్పించడానికని అనుకోవద్దు. ఆరు దశాబ్దాల ముందే మన ఊళ్లో ఆ ప్రశ్న పుట్టిందంటే, సిద్ధాంతం పడమటి నుంచి దిగుమతి సరుకే అన్న మాట సగమే నిజం. 1993లో స్త్రీవాద కవితల 'నీలిమేఘాలు', 1995లో దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' సంకలనాలు వచ్చినప్పుడు తెలుగు పత్రికల్లో స్త్రీవాదం మీదా దళితవాదం మీదా జరిగిన వాదోపవాదాలు యూనివర్సిటీ సెమినార్లకి ఏమాత్రం తీసిపోవు. అవి ఇంగ్లీషులోకి వెళ్లలేదు కాబట్టి 'థియరీ' హోదా దక్కలేదు.

దండ వేసిన తెల్లదొర

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించిన ఆర్థర్ కాటన్‌ని డెల్టా జనం అపర భగీరథుడంటారు. ఊరూరా విగ్రహాలున్నాయి, పుట్టినరోజున దండలు పడతాయి. తూర్పు దేశాల గురించి పడమటివాళ్లు రాసిన రాతలు వలస పాలనకి ఎలా తోడయ్యాయో చూపిన ఎడ్వర్డ్ సయీద్ 1978 పుస్తకం చదివి, వలస పాలన మీద కోపంతో ఊరికి తిరిగి వచ్చిన విద్యార్థి ఆ విగ్రహం ముందు ఏం చేయాలి? జనానికి బుద్ధి లేదు అనుకుంటే పాఠం తలకెక్కలేదన్నమాట. పోనీ సయీద్ చెప్పిందంతా తప్పు అందామా అంటే, కంపెనీ వాళ్లు ఈ ప్రాజెక్టుని ఒప్పుకున్నది శిస్తు పెరుగుతుందన్న లెక్క చూసుకునే.

ఈ చిక్కుముడి విప్పడం ఒక శాఖ వల్ల కాదు. ఆనకట్టకి ముందు గోదావరి జిల్లా కరువులతో, తుపానులతో చితికిపోయిన ప్రాంతం. కాలువలు వచ్చాక వరి, వరి వెంట మిగులు, మిగులు వెంట కాలేజీలు, ప్రెస్సులు, నాటక సమాజాలు, తర్వాత సినిమా పెట్టుబడులు. 'ఉభయ గోదావరుల సంస్కృతి' అని మనం మురిసిపోయే దాంట్లో పెద్ద భాగం ఆ నీళ్ల మీద లేచిందే. అదే నది పైభాగంలో మన్యానికి ఆ నీళ్లు అందలేదు. అక్కడ 1879లో రంప తిరుగుబాటు, 1922లో అల్లూరి పోరాటం. డెల్టాలోనూ నీళ్లు ముందు చేరింది భూమి ఉన్నవాళ్లకి. కోనసీమ అందాన్ని ప్రకృతి వరం అనడం మనకి అలవాటు. దానికి ఇంజనీరు ఉన్నాడు, అంచనా వ్యయం ఉంది, శిస్తు రిజిస్టరు ఉంది, మట్టి మోసిన వేలమంది కూలీలున్నారు. సహజంగా కనిపించేదాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తయారుచేశారో వెతకడమే విమర్శాత్మక సిద్ధాంతం చేసే పని అని ఒక్క వాక్యంలో చెప్పమంటే, ఆ వాక్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఆ అందమైన ఫొటోలో తగువులు కనపడవు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దాని పేరులో అంబేద్కర్ పేరు చేరుస్తామన్నాక మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారి ఒక మంత్రి, ఒక ఎమ్మెల్యే ఇళ్లు తగలబడ్డాయి. తర్వాత ఆ పేరే ఖాయమైంది. 'పేరులో ఏముంది, అభివృద్ధి కావాలి గానీ' అని టీవీ చర్చల్లో చాలామంది అన్నారు. పేరులో ఏమీ లేకపోతే అంత మంట ఎందుకు లేచింది? బస్సు బోర్డు మీద, రేషన్ కార్డు మీద, ఇంటి అడ్రసులో రోజూ ఎవరి పేరు రాయాలన్నది ఊరు ఎవరిది అనే ప్రశ్నకి మరో రూపం. రాజనీతి శాస్త్రం దీన్ని ఓట్ల లెక్కగా చూస్తుంది, పోలీసులు శాంతిభద్రతల సమస్యగా చూస్తారు. రెండూ అవసరమే, రెండూ చాలవు.

చేరేముందు

ఈ రంగంలో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. థీసిస్ మొదటి అధ్యాయంలో ఫూకో, రెండో అధ్యాయంలో స్పివాక్, మూడో అధ్యాయంలో పాపం ఒక తెలుగు నవల. నవల ఏం చెప్పినా జవాబు ముందే తయారు. పేరు తీసేసి ఇంకో నవల పేరు పెట్టినా వాక్యాలు మార్చక్కర్లేదు. వస్తువు సిద్ధాంతానికి ఎదురుచెప్పే వీలు లేకపోతే అది పరిశోధన కాదు, పూజ. మంచి గైడ్ దొరికితే ఈ జబ్బు మొదటి ఏడాదిలోనే నయమవుతుంది.

మన దేశంలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో కంపారిటివ్ లిటరేచర్ శాఖ 1956లోనే మొదలైంది. తెలుగు పిల్లలకి దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్య కేంద్రం, ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) కల్చరల్ స్టడీస్ శాఖ ఉన్నాయి. అంత దూరం పోలేక రాజమండ్రిలోనో భీమవరంలోనో ఇంగ్లీషు ఎం.ఏ. చేసినా దారి మూసుకుపోదు. లెక్చరర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ ఇంగ్లీషు సిలబస్‌లో కల్చరల్ స్టడీస్ ఒక యూనిట్, సాహిత్య సిద్ధాంతం ఇంకో యూనిట్. కొరత ఏమిటంటే ఎం.ఏ.కీ పీహెచ్‌డీకీ మధ్య చేసే ఎం.ఫిల్.ని యూజీసీ 2022 నిబంధనలతో ఎత్తేశారు. ఒక సబ్జెక్టు నుంచి ఇంకో సబ్జెక్టుకి మారేవాళ్లకి, తమ ప్రశ్న ఏమిటో తేల్చుకోవడానికి ఆ ఏడాదీ రెండేళ్లూ మంచి వ్యవధిగా ఉండేవి. ఇప్పుడు ఎం.ఏ. అయిన వెంటనే పీహెచ్‌డీ ప్రతిపాదన రాయాలి. చిన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల మీదే ఈ దెబ్బ ఎక్కువ పడుతుంది.

ఉద్యోగం సంగతి అమ్మానాన్నలు అడుగుతారు, అడగాలి కూడా. ఇంజనీరింగ్ లాగా క్యాంపస్ ప్లేస్‌మెంట్ చూపించే చదువు ఇది కాదు. లెక్చరర్ పోస్టులు అరకొరగా పడతాయి. పత్రికలు, ప్రచురణ సంస్థలు, అనువాదం, డాక్యుమెంటరీ, స్వచ్ఛంద సంస్థల పరిశోధన, సివిల్స్, వీటిలో ఎక్కడో ఒకచోట స్థిరపడేవాళ్లే ఎక్కువ. ఇంట్లో మూడు నాలుగేళ్లు ఆగగలిగే పరిస్థితి లేకపోతే ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలోకి దిగమని నేనైతే చెప్పను.

భాష గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. సిద్ధాంతం ఇంగ్లీషులో చదవాల్సిందే, తప్పదు. కానీ డెల్టా మీద పనిచేయాలంటే అసలు సరుకంతా తెలుగులో ఉంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలున్నాయి, కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తులో తాళపత్రాలున్నాయి. వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన 'వివేకవర్ధని' భాషని తడుముకోకుండా చదవగలిగే తెలుగు మీడియం విద్యార్థికి, ఇంగ్లీషు బాగా వచ్చి తెలుగు కూడబలుక్కునే విద్యార్థి కంటే ఈ పనిలో చాలా ముందు అడుగు ఉంటుంది.

ఇక ప్రతిపాదన రాయడం. ఎంపిక కమిటీకి ముందు కనపడాల్సింది వస్తువు, తర్వాత ప్రశ్న, ఆ తర్వాతే సిద్ధాంతకర్తల పేర్లు. ఉదాహరణకి వరి చేలు రొయ్యల చెరువులైన ఊళ్లు. తీరంలో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది, అది వస్తువులో ఒక ముక్క. లీజు కాగితాలు ఇంకో ముక్క. ఉప్పెక్కిన మంచినీళ్ల బావి గురించి పక్క ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీలు మరో ముక్క. 'వరి పండించేవాడే రైతు' అని పెరిగిన మనిషి, చెరువు తవ్వాక తనని తాను ఏమని పిలుచుకుంటున్నాడు, వ్యాపారి అనా, రైతు అనే అనా? పొలంలో ఊడ్పులకి వచ్చిన కూలి ఆడవాళ్లు ఇప్పుడు రొయ్యలు వలిచే షెడ్డులో ఏమని పిలిపించుకుంటున్నారు? మొదటి పేజీలో ఇవి రాసి, గ్రాంసీనీ మీస్‌నీ రెండో పేజీకి వాయిదా వేస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి బోలెడు ఉంటుంది.